సోమవారం జవాబు, ఆదివారం జవాబు

సుగుణమణి ఒకచోట కుదురుగా ఉండలేని మనిషి. క్లాసులో కుర్చీ ఉన్నా కూర్చోదు. ఇంట్లో అన్నం కూడా గడప దగ్గర నిలబడే తింటుంది. గోదావరిఖనిలోని ఒక సర్కారు బడిలో పద్దెనిమిదేళ్లుగా జీవశాస్త్రం చెబుతోంది. చర్చిలో ఆదివారం బడి అంతకన్నా పాతది, ఇరవై రెండేళ్లు. పెళ్లి చేసుకోలేదు. ఆ ఆదివారం పిల్లలే తన పిల్లలనుకుంది.

రెండు బళ్లూ ఒకదానికొకటి తగలకుండా నడిచాయి. లోకంలో చాలామంది బతికేది అలాగే. ఖగోళం చదివిన పంతులు గ్రహణం విడవగానే తలస్నానం చేస్తాడు. గుండె కోసి కుట్టే డాక్టరు నిమ్మకాయలు కట్టిన కారెక్కుతాడు. ఎవరూ అడగరు, వాళ్లూ చెప్పరు.

తెలంగాణ వచ్చిన ఏడాది పదో తరగతి పుస్తకం మారి, అందులోకి జీవ పరిణామం వచ్చింది. ఆమె మనసు పెట్టే చెప్పింది. యూనిట్ టెస్టులో ఒక ప్రశ్న కూడా ఇచ్చింది: భూమి మీద ఇన్ని రకాల జీవులు ఎలా వచ్చాయి?

రెండు బళ్లలోనూ ఆమె దగ్గరే చదివే గ్లోరియా రెండు జవాబులు రాసింది. 'సోమవారం జవాబు' అని కింద గీత కొట్టి, కోట్ల ఏళ్లలో జీవులు మెల్లగా మారిన సంగతి. 'ఆదివారం జవాబు' అని మళ్లీ గీత కొట్టి, ఆరు దినాల సృష్టి. రెండిట్లోనూ తప్పుల్లేవు. రెండూ సుగుణమణి మాటలే. చివర ఒక ముక్క: "టీచర్, రెండూ మీరే చెప్పిన్రు. ఏది దిద్దుతరో దిద్దుండ్రి."

సుగుణమణి ఎర్ర పెన్ను పట్టుకుని మూడు రోజులు ఇంట్లో ఆ గదికీ ఈ గదికీ తిరిగింది. హెడ్మాస్టరు సదయ్యను అడిగితే, "దేవుని జోలికి పోకుండ్రి మేడం. సగం సగం వెయ్యుండ్రి, పీడ పోతది" అన్నాడు. సగం వేస్తే తాను చెప్పిన రెండూ సగం తప్పని ఒప్పుకున్నట్టే కదా అనుకుంది ఆమె.

నాలుగో రోజు గ్లోరియా తండ్రి యేసయ్య ఇంటికి రమ్మని కబురు పెట్టాడు. చర్చి పెద్ద ఆయనే. బొగ్గు బాయిలో సర్దారు. షిఫ్టు మొదట్లో తానే ముందు లోపలికి పోయి, కర్రతో పైకప్పు కొట్టి, చప్పుడు గట్టిగా ఉందో డొల్లగా ఉందో విన్నాకే మనుషుల్ని పనిలోకి రానిస్తాడు.

"కూసో చెల్లె. మార్కులు దేనికేస్తవ్?"

ఆమె కూర్చోలేదు. "బడి పరీక్ష గదన్నా. బడి పాఠానికే."

"అంటే ఆదివారందానికి గుండు సున్న."

"సున్న కాదు. దానికి నేను పెన్నే పెట్ట."

"మంచిగనే చెప్పినవ్. రేపు కోతి మా తాతంటవ్."

"తాతని లేదన్నా పుస్తకంల. దూరపు చుట్టం."

"చుట్టమైతే పిల్ల పెండ్లికి పిలువాల్నా?"

ఆమెకు నవ్వొచ్చింది గానీ మింగేసింది. "అన్నా, బాయిల దిగే ముందు ప్రార్థన చేస్తవ్ గదా?"

"చెయ్యకుంట దిగుతనా?"

"చేసినంక పైకప్పు కొట్టి సూసుడు ఇడిసిపెడ్తవా?"

యేసయ్య లేచి, బీరువాలోంచి గుడ్డలో చుట్టిన రాతి పలక తెచ్చాడు. నల్లటి రాయి, అందులో ఈనెలతో సహా అచ్చుపడిన ఆకు. పదేళ్ల కిందట పైకప్పు నుంచి రాలిపడింది. నోవహు నాటి జలప్రళయానికి సాక్ష్యమని దాచుకున్నాడు.

"గిసొంటి చెట్టు యాడనన్న సూసినవా?"

"ఇప్పుడు లేదన్నా. భూమి మీదనే లేదు."

ఆయన వేలితో ఆ ఈనెను చాలాసేపు తడిమాడు. "తీస్కపో. పోరగాండ్లకు సూపియ్యి. గాని ఎన్నేండ్లదో చెప్పకు. చెప్పినవంటే ఆదివారం బడి ఇంకొకలు సూసుకుంటరు. నా మీద గూడ చర్చి సంఘమున్నది చెల్లె."

ఆ పూటే సోమవారం జవాబుకు నిండా మార్కులు వేసింది. రెండోదాని జోలికి పోలేదు.

మర్నాడు రాయి చేతులు మారుతూ ఆఖరి బెంచీ దాకా పోయింది. గ్లోరియా లేచి నిలబడింది.

"ఎన్నేండ్లది టీచర్?"

పుస్తకంలో చూసుకో అనొచ్చు. గంట కొట్టేదాకా మాట మార్చనూ వచ్చు. సుగుణమణి బోర్డు దగ్గరికి పోయి ఇరవై అయిదు వేసి, పక్కన ఏడు సున్నాలు చుట్టింది. "దీనికి పైమాటే" అంది.

సాయంత్రం ఆదివారం బడి హాజరు పుస్తకం, బొమ్మల అట్టలు సంచిలో వేసుకుని యేసయ్య క్వార్టరుకు నడిచింది. ఆయన అడిగేదాకా ఆగడం ఆమెవల్ల కాలేదు.

"చెప్పినవా?"

"చెప్పిన."

ఆయన సంచి అందుకుని లోపల పెట్టాడు. గుమ్మం దాకా వచ్చి, గ్లోరియా దగ్గరలో లేదని చూసుకుని, గొంతు తగ్గించాడు.

"ఇంతకు ఎన్నేండ్లదట చెల్లె?"