కట్టు తడిపే అరగంట

1993. ఆర్మూరులో మా ఆసుపత్రిని ఆనుకుని ఉన్న నర్సింగ్ స్కూల్ ఆ ఏడాదే విశ్వవిద్యాలయం కింద డిగ్రీ కాలేజీ అయింది. ప్రిన్సిపాల్ కుర్చీ నాకిచ్చారు. అప్పటిదాకా మా పిల్లలు పేరుకు విద్యార్థులు, పనికి వార్డు కూలీలు. పాఠం మధ్యలో పిలుపొస్తే లేచి పోవాల్సిందే. నేనూ అలాగే చదివాను, ఆ కసి నాలో ఉండేది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, చేరిన వారంలోనే ఆర్డరు వేశాను. థియరీ, అంటే తరగతి చదువు, వేరు. క్లినికల్, అంటే వార్డులో నేర్చుకునే పని, వేరు. క్లాసు వేళ వార్డులో కనిపిస్తే ఆబ్సెంట్. అటెండెన్స్ చాలకపోతే పరీక్షకు పంపను.

మరుసటి ఫిబ్రవరిలో పసుపు ఉడకబెట్టే పనులు మొదలయ్యాయి. ఏటా ఆ రోజుల్లో మాకు కాలిన కేసులు వస్తాయి. దొంకేశ్వర్ నుంచి లింగవ్వ అనే కూలీని జీపులో తెచ్చారు. కడాయిలో మరిగే నీళ్ళు రెండు కాళ్ళ మీదా పడ్డాయి. అలాంటి గాయానికి రోజూ డ్రెస్సింగ్ మార్చాలి. పాత గుడ్డ పుండుకు అతుక్కుపోతుంది కాబట్టి సెలైన్‌తో అరగంట తడిపి మెల్లగా విప్పాలి. లాగితే కొత్తగా వస్తున్న చర్మం కూడా ఊడివస్తుంది. వార్డు నిండా మనుషులు, చూసేది ఇద్దరు సిస్టర్లు. అరగంట ఎవరికుంది? లాగేవారు. లింగవ్వ కేకలు నా గదిలోకి వినపడేవి. కొన్నాళ్ళకు ఆగిపోయాయి. తగ్గుతోంది కాబోలనుకున్నాను.

మార్చి చివర అటెండెన్స్ చూస్తుంటే రాజమణి పేరు దగ్గర ఆగాను. మొదటి సంవత్సరం పిల్ల, ఊరు భీమ్‌గల్. తల్లి బీడీలు చుట్టి చదివిస్తోంది. నెలన్నరగా రోజూ మొదటి క్లాసుకు లేదు. పిలిపించాను.

"వార్డుకు ఎవరు పొమ్మన్నరు?"

"ఎవ్వలు అనలేదు మేడమ్. నేనే పోయిన. లింగవ్వ నన్నొక్కదాన్నే కాలు ముట్టనిస్తది."

"నా ఆర్డరు సదవలేదా?"

"సదివిన మేడమ్. కట్టు అరగంట తడపాలని గూడ మీరే చెప్పిండ్రు గదా."

ఆ మాట నాకు తలబిరుసుగా వినిపించింది. పరీక్షకు పంపనన్నాను. మర్నాడు తల్లి వచ్చింది. "మేడమ్, పుండు కడుగుడు సదువు గాదా? జర దయ జూడుండ్రి," అని చేతులు పట్టుకుంది. ఒక్కరిని వదిలితే రేపు అందరినీ మళ్ళీ వార్డుకు లాగుతారని చెప్పాను. అది నిజమే. ఇప్పటికీ నిజమే. అందుకే నాకింత ఏడుపు. రాజమణి ఆ పూటే పెట్టె సర్దుకుని బస్సెక్కింది.

మే నెలలో విశ్వవిద్యాలయం వాళ్ళు తనిఖీకి వచ్చారు. రిజిస్టర్లు చూసి మెచ్చుకున్నారు. టీ తాగుతూ వాళ్ళలో ఒకావిడ, "ఈ అమ్మాయి విషయంలో సిఫారసు ఎందుకు రాయలేదు? మొదటి బ్యాచ్ కదా, మినహాయింపు ఇచ్చేవాళ్ళం," అన్నారు. నేను అడగనే లేదు. అడగొచ్చన్న ఆలోచనే నాకు రాలేదు. పరీక్షలు అప్పటికే అయిపోయాయి.

భీమ్‌గల్ వెళ్ళాను. రాజమణి ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తప్పు నాదేనని, మళ్ళీ రమ్మని బతిమాలాను.

"వద్దు మేడమ్. లింగవ్వ అసుంటామె మల్లొస్తే నేను మల్ల వార్డుకు పోత. మీరు మల్ల పరీక్షకు పంపరు." దారం బిగించి తలెత్తింది. "లింగవ్వ నడుసుకుంట ఇంటికి పోయిందా?"

నాకు తెలియదు. నా గదికీ ఆ మంచానికీ మధ్య ఒక్క వరండా. ఆ మనిషిని నేను ఒక్కసారి కూడా చూడలేదు. కనుక్కుని చెబుతానని లేచి వచ్చేశాను.

తిరిగొచ్చి కేస్ షీట్ తీయించాను, సిస్టర్లను అడిగాను. రాజమణి వెళ్ళాక కట్టు మళ్ళీ లాగి విప్పారు. ఆ కేకలు మళ్ళీ వినపడ్డా నేను లేచి వెళ్ళి చూడలేదు. పుండుకు చీము పట్టింది, జ్వరం వచ్చింది. పన్నెండో రోజున లింగవ్వ చనిపోయింది.

నియమం పెట్టేవాళ్ళు అది ఎవరి ఒంటి మీద పడుతుందో వెళ్ళి చూడాలి. ఈ కేసు నాకు నేర్పింది ఇంతే. ఆ తర్వాత ఎన్నో బ్యాచ్‌లకు ఈ మాట చెప్పాను. భీమ్‌గల్ మాత్రం మళ్ళీ వెళ్ళలేదు. ఆ పిల్ల అడిగిన దానికి నేను ఇంకా బదులు చెప్పలేదు.