బెల్టు విప్పిన ఆదివారం

కూర్చోలేనప్పుడు నా వెనక గోడలా నిలిచి, లేవలేనప్పుడు చేయి అందించిన దేవునికి స్తోత్రం. ఆకాశాన్ని చేసినవాడు ఆయనే, ఆ ఆకాశంలో తిరిగే మట్టిమనిషి వెన్నుపూసలను ఒక్కొక్కటిగా పేర్చినవాడూ ఆయనే. ఈ నాలుగు మాటలూ అబద్ధం లేకుండా రాసే కృప ఆయన నాకివ్వాలి. ఒకసారి ఆయన పేరు మీదే అబద్ధమాడినవాణ్ని నేను.

రెండువేల సంవత్సరం దాటి అప్పటికి ఆరేడేళ్లయి ఉంటుంది. హైదరాబాదు నుంచి తిరుపతికి, విజయవాడకు, రాజమండ్రికి తిరిగే చిన్న విమానానికి కెప్టెన్‌గా ఉండేవాణ్ని. రోజుకు నాలుగుసార్లు, ఒక్కోరోజు ఆరుసార్లు ఎగరడం, దిగడం. చూసేవాళ్లకు అది గాలిలో తేలే ఉద్యోగం. చేసేవాడికి కదలకుండా కూర్చునే ఉద్యోగం. సీటులో నడుము దగ్గర ఎత్తు పెంచుకోవడానికి ఒక మర ఉండేది. దాన్ని ఎటు తిప్పినా పావుగంట సుఖం, అంతే. పక్కనున్న సంచిలోంచి కాగితాలు తీయడానికి ఒళ్లు తిప్పితే నడుములో మేకు దిగినట్టుండేది. అక్కణ్నుంచి నొప్పి కుడి తొడ వెంట మడమదాకా జారేది.

అసలు భయం ఆ కాలి గురించే. ఒక ఇంజను ఆగిపోతే విమానం పక్కకు తిరిగిపోకుండా కాలితో పెడల్‌ను బలంగా తొక్కిపట్టాలి. తిమ్మిరెక్కిన ఈ కాలు ఆ రోజున నా మాట వింటుందా? ఆ ప్రశ్న నన్ను నేనే అడుక్కునేవాణ్ని, ఇంకెవరికీ చెప్పేవాణ్ని కాదు. వైద్యపరీక్షలో పనికిరాడని రాస్తే నేల మీదే ఉండిపోవాలి. నాకు వేరే పని రాదు.

నా భార్య కడపలో ప్రభుత్వ బడి టీచరు. సెలవు దొరికినప్పుడల్లా బస్సులో కర్నూలు మీదుగా ఇంటికి వచ్చేవాణ్ని. విమానం పెట్టే బాధ ఒక ఎత్తు, ఆ బస్సు ప్రయాణం ఒక ఎత్తు. నంద్యాల దాటేసరికి సీటులో కూర్చోలేక కడ్డీ పట్టుకుని నిలబడేవాణ్ని.

మా సంఘంలో అందరూ చాపల మీద కూర్చునేవారు. కూర్చోలేనివాళ్లు ఇద్దరమే, వెనక గోడకు ఆనుకుని నిలబడేవాళ్లం. ఒకడు నేను. రెండోవాడు లారీలకు కడప బండలెత్తే హమాలీ, నాకంటే పదేళ్లు పెద్ద. పాత పంచెను మడతలు పెట్టి నడుముకు బిగించి దట్టీ కట్టుకునేవాడు. నేను మందులషాపులో కొన్న బెల్టు కట్టుకునేవాణ్ని. మొదటిసారి దాన్ని చూసినప్పుడు ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఏమప్పా కెప్టెనూ, నేనంటే బండలెత్తుతాండా. కూర్చోని చేసే పనికి నీకు నడుం నొప్పేంది?"

"కూర్చోడమే నా బండన్నా."

"అట్లయితే ఇద్దరం ఒక్కటే కూలోళ్లం. సరే, పొద్దన్నే ఎట్ల లేస్తాండావు? చూపించు."

చాప మీద పడుకుని, లేచి చూపించాను. తల అడ్డంగా ఊపాడు. "అట్ల నిట్టనిలువుగా లేస్తే నడుం యాడుంటాది? ముందు పక్కకు దొర్లు. మోచెయ్యి ఆనించు. కాళ్లు కిందికి వదిలి, ఆ పైన లెయ్." ఏ డాక్టరూ అంత వివరంగా చెప్పలేదు. అప్పటినుంచీ అలాగే లేచేవాణ్ని.

ఒక శుక్రవారం ఉపవాస కూడికలో పాస్టరయ్య నా నడుముకు నూనె రాసి ప్రార్థించారు. సంఘమంతా చేతులు చాచింది. ఆదివారం పొద్దున లేస్తే నొప్పి లేదు. ఇది అబద్ధం కాదు, నిజంగానే లేదు. ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. మా సంఘంలో ఒక బోధ ఉండేది: స్వస్థత అడిగినవాడు అది దొరికిందని నోటితో ఒప్పుకోవాలి, ఇంకా నొప్పి ఉందనడం ఇచ్చిన వరాన్ని తిప్పి పంపడమే. ముందుకు వెళ్లాను. చొక్కా పైకెత్తి అందరి ఎదుట బెల్టు విప్పాను. "ఇక దీనితో నాకు పనిలేదు," అన్నాను. స్తోత్రాలతో మందిరం మోగిపోయింది. వెనక గోడ దగ్గర హమాలీ అన్న రెండు చేతులూ ఎత్తి ఏడుస్తున్నాడు.

మూడో రోజు నొప్పి తిరిగొచ్చింది. తిరుపతికి పోతున్నాం. కింద పెన్న ఇసుక, కడప కొండలు కనిపిస్తున్నాయి. కాలు మడమదాకా మొద్దుబారింది. పక్కనున్న కోపైలట్‌తో ఏమీ అనలేదు. ఇంట్లోనూ అనలేదు. ఆ నెలలోనే వైద్యపరీక్ష పడింది. నడుము నొప్పి ఉన్నదా అని కాగితంలో ఒక ప్రశ్న. లేదు అనే గడిలో గీత పెట్టాను. అది విశ్వాసమని నన్ను నేను నమ్మించుకున్నాను. డ్యూటీ ముగిశాక మాత్రలు మింగి, హోటలు గదిలో నేల మీద పడుకునేవాణ్ని. ప్రార్థించడానికి మోకరించే ఓపిక కూడా ఉండేది కాదు. పైకప్పు చూస్తూ "ప్రభువా" అని ఆగిపోయేవాణ్ని. తరువాతి మాట వచ్చేది కాదు.

నెల దాటాక పది రోజుల సెలవు మీద ఇంటికి వచ్చాను. ఆదివారం వెనక గోడ దగ్గర హమాలీ అన్న లేడు. ఇంటికొచ్చాక నా భార్యను అడిగాను.

"మీకు తెలీదా? మీరు సాక్ష్యం చెప్పిన మరుసటి రోజే ఆయప్ప దట్టీ తీసి పారేసినాడంట. కెప్టెన్‌కు పోయినాక నాకెందుకు పోదు అన్నాడంట. వారం తిరక్కముందే బండ కింద కూలబడె. ఇప్పుడు మంచం మీదనే ఉండాడు." ఆమె నా ముఖంలోకి చూసింది. "మీకైతే పోయింది కదా?"

ముందున్న అన్నం వదిలేసి చేయి కడుక్కున్నాను.

ఆ సాయంత్రం, బండలు పాలిష్ చేసే మిషన్ల వెనకున్న ఆయన ఇంటికి వెళ్లాను. రాతిపొడి పట్టి తెల్లబడిన గోడలు. నులకమంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నన్ను చూసి ఆయన ముఖం వెలిగింది.

"రాప్పా, రా. ఆడ కుర్చీ ల్యా, చాప మీద కూర్చో. నీకేమి, ఇప్పుడు యాడైనా కూర్చుంటావు."

కూర్చున్నాను. ఎలా కూర్చున్నానో దేవునికి తెలుసు.

"నిన్ను నేనేమీ అనుకోల్యాప్పా," అన్నాడు. "నీ విశ్వాసం శానా పెద్దది. నాది పావలా విశ్వాసం. దేవున్ని నేనే అనుమానించి ఉంటా. రాత్రంతా అదే అడుగుతాండా, నాలో ఏం తప్పుండాదో చూపియ్యి సామీ అని."

వెళ్లొస్తానన్నాను. అప్పుడు లేవాల్సి వచ్చింది. నిట్టనిలువుగా లేవబోతే నడుము పట్టేసింది. వేరే దారి లేదు. పక్కకు దొర్లాను. మోచెయ్యి ఆనించాను. మోకాలి మీదికి వచ్చి, మంచం కోడు పట్టుకుని, మెల్లగా లేచాను.

ఆయన చూస్తూనే ఉన్నాడు.

"నేను నేర్పించిన లేవడమే కదప్పా అది," అన్నాడు చివరికి. "ఎన్నాళ్లాయ మళ్లా వచ్చి?"

"మూడో రోజుకే వచ్చిందన్నా."

"మూడో రోజుకా! అయితే నేను పడకముందే చెప్పి ఉండొచ్చు గదా." కోపంగా అన్నాడు. అంతలోనే మెత్తబడి, "అయితే తప్పు నా విశ్వాసానిది కాదు," అన్నాడు. ఆయన కళ్లలోంచి నీళ్లు చెవుల వైపు జారాయి. ఇన్నాళ్లుగా మోస్తున్న బరువు దిగినవాడి ముఖం అది. ఆయన నడుము విరిచింది బండే, కానీ గుండె మీద బండ పెట్టింది నేను.

పాస్టరయ్యకు అంతా చెప్పాను. "ఒక్కసారి సాక్ష్యం చెప్పినాక మళ్లా నొప్పి అనగూడదని నేర్పింది నేనే, నాయనా. ఈసారి నువ్వు మాట్లాడేటప్పుడు నేనూ పక్కన నిలబడతా," అన్నారు.

తరువాతి ఆదివారం బెల్టు కట్టుకుని, పాస్టరయ్యతో కలిసి ముందుకు వెళ్లాను. "దేవుడు ఒక్క ఆదివారం నాకు నొప్పి లేకుండా చేశాడు. అది నిజం. అది తిరిగొచ్చాక దాచింది నేను. ఇదీ నిజం," అన్నాను. ఎవరూ స్తోత్రం అనలేదు. పంకా చప్పుడు ఒక్కటే వినిపించింది. అయినా ఆ నెలంతా "ప్రభువా" తరువాత రాని మాట అక్కడ బయటికి వచ్చింది.

సోమవారం హైదరాబాదు వెళ్లి కంపెనీ డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. కాగితంలో అబద్ధం రాసినందుకు గట్టి మాటలు పడ్డాను, పడదగినవే. విమానం ఎక్కవద్దన్నారు. దాదాపు ఏడాది ఎక్కలేదు. ఆ ఏడాది కడపలోనే గడిచింది. పొద్దున చాప మీద వ్యాయామం, సాయంత్రం మెల్లగా నడక. భార్య జీతం మీద ఇల్లు. మళ్లీ ఎగరనిచ్చారు, కొన్నేళ్లు ఎగిరాను కూడా. బెల్టు మాత్రం సంచిలో ఎప్పుడూ ఉండేది, దాన్ని ఎవరి ముందూ దాచలేదు.

హమాలీ అన్న లేచి నడిచాడు కానీ, మళ్లీ బండ ఎత్తలేదు. లారీలో బండల మధ్య గడ్డి పరిచే పనిలో ఉన్నాడు. ఆ పనికి కూలి సగమే. మందిరంలో వెనక గోడ దగ్గర మా ఇద్దరికీ రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మేము ఇప్పటికీ ఎక్కువసేపు నిలబడే ఉంటాం. పాట ముగిశాక ఆయన నా వైపు వంగి, "ఈ వారం ఎట్లుండాదప్పా, నిజం చెప్పు," అంటాడు. నిజమే చెబుతాను.

చదువుతున్న మీరు ఉన్నచోటనే, కూర్చుని గానీ పడుకుని గానీ, ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. ముందు హమాలీ అన్న నడుము కోసం. ఆ తరువాత నా నాలుక కోసం. నొప్పిని దాచుకుని, అదే విశ్వాసమనుకుని అలసిపోయినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, వాళ్ల కోసం కూడా. తండ్రీ, బాగైనప్పుడు బాగైందనీ, కానప్పుడు కాలేదనీ నీ ఎదుట చెప్పే ధైర్యం మా అందరికీ ఇవ్వు.