చెవులు ముంచమన్నాను

ఏలూరులో పిల్లలకు ఈత నేర్పుతాను. వెల్లకిలా ఈతలో నేను ముందు సరిచేసేది కాళ్లూ చేతులూ కాదు, తల. చెవులు నీళ్లలో మునగాలి, చూపు పైకప్పు మీద ఉండాలి. తల ఎత్తితే నడుము కిందికి దిగిపోతుంది.

కొల్లేటికోట నుంచి వచ్చి ఇక్కడ పిన్నిగారింట్లో ఉంటున్న పదేళ్ల పిల్ల ఒకతె నాలుగు బారలకోసారి తల ఎత్తేది. "చెవులు ముంచమ్మా" అంటే "అలాగేనండీ" అనేది, మళ్లీ ఎత్తేది. పది రోజులు అరిచాను. మర్యాదగా తలూపి మాట వినని పిల్లలంటే నాకు ఒళ్లు మంట.

చివరికి బుజ్జగించి చూద్దామని నీళ్లలోకి దిగి, మెడ కింద చెయ్యి పెట్టాను.

"చెవులు మునిగితే ఎంత హాయో చూడు. గట్టున ఎవరు పిలిచినా వినపడదు."

ఆ పిల్ల నా చెయ్యి విదిలించుకుని నిలబడింది.

"నాకు తెలుసండీ. ఆ రోజు మా చేపల చెరువులో ఇలాగే వెల్లకిలా తేలుతున్నానండీ. అవతలి ఒడ్డు దగ్గర నాన్న కాళ్లకి వల చుట్టుకుందంటండీ. పక్క చెరువు వాళ్లు కేక విని పరిగెత్తుకొచ్చేసరికే అయిపోయిందండీ." గట్టు వైపు తిరిగింది. "నన్నే పిలిచాడంటండీ. మూడుసార్లు."



ఆ పిల్ల ఇప్పటికీ నాలుగు బారలకోసారి తల ఎత్తి గట్టు వైపు చూస్తుంది. నడుము దిగిపోతుంది. నేను సరిచెయ్యను.