ఉప్పు చూడని చేయి

భరద్వాజ్ పూజారుల ఇంటి పిల్లవాడు. హోటల్ వంట చదివి, ప్రొద్దుటూరులో ఒక హోటల్లో రొయ్యలూ మాంసమూ వండుతాడు. ఒక్కటీ తినడు. ఇంట్లో వాళ్లమ్మ అనసూయ నైవేద్యం కాకముందు ఏదీ నోట పెట్టదు. కంటితో చూసే ఉప్పు వేస్తుంది, ఎన్నడూ తప్పదు. ఆ చేయే తనకు వచ్చిందని మనవాడి గొప్ప. పక్క పొయ్యి దగ్గరుండే రహమతుల్లా రోజూ ఇతను వండింది ఇంత నాలుక మీద వేసుకుని "సరిపోయింది సామీ" అంటాడన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పడు.

రంజాన్ వచ్చింది. రహమతుల్లా రోజా ఉపవాసంలో ఉన్నాడు, పగలు నాలుక మీద ఏదీ వేసుకోడు.

ఆ మధ్యాహ్నం వేముల నుంచి పద్మావతమ్మ నగలు కొనడానికి వచ్చి, మనవరాలు సుమతో హోటల్లో కూర్చుంది. సుమ చీజ్ రొయ్యలు అడిగింది. భరద్వాజ్ రొయ్యలకు ఉప్పూ మిరియాలూ పట్టించాడు. పాల సాసులో మళ్లీ ఉప్పు వేసి, పైన చీజ్ తురిమాడు.

"కొత్త చీజు సామీ, ఉప్పగుంటాదేమో. ఎవురికన్నా చూపియ్యి," అన్నాడు రహమతుల్లా.

"నా చెయ్యి నాకు తెల్దా?"

అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అన్నదట ఉప్పు. ఓవెన్‌లోంచి ఎర్రగా పొంగి వచ్చిన గిన్నెను చూసి మురిసిపోయి, తానే తీసుకెళ్లి వడ్డించాడు. సుమ ఒక ముద్ద తిని నీళ్ల గ్లాసు అందుకుంది. పద్మావతమ్మ కూడా తిని, చెంచా దించింది.

"ఉప్పు చూసినావా అప్పా?"

"చూసినానమ్మా."

"అయితే ఇంగోసారి చూడు," అని చెంచా చాపింది.

అతని చేయి లేవలేదు. పక్క టేబుళ్ల వాళ్లు తలలు తిప్పారు.

"నేను తిననమ్మా. మా ఇండ్లల్లో ఉప్పు చూడకనే వండుతారు. మా అమ్మ గూడా..."

"మీ అమ్మ వండింది మీ అమ్మ తింటాది గదప్పా," అంది పద్మావతమ్మ, కోపం లేకుండానే. "నువ్వు?"

కోప్పడినా బాగుండేది. రోజూ ఇంటి గడప తొక్కకముందే నీచు వాసన పోయేలా సబ్బుతో రుద్దుకుని స్నానం చేసేది గుర్తొచ్చింది. తాను కడిగేసుకునేదాన్నే ఇన్నాళ్లూ వీళ్ల పళ్లెంలో పెట్టాడు. గిన్నె తీసుకుని లోపలికి పోయాడు.

మళ్లీ వండాడు. సాసులో ఉప్పు వేయలేదు. కొంచెం గిన్నెలో తీసి, అంట్లు తోమే నిర్మలమ్మ దగ్గరికి వెళ్లాడు.

"ఉప్పు చూడమ్మా," అన్నాడు. ఆమె చేయి తుడుచుకుని రుచి చూసి, తల ఊపింది.

టేబుల్ దగ్గర పద్మావతమ్మ అదే అడిగింది. "ఉప్పు?"

"నేను చూడలేదమ్మా. అబద్ధం చెప్పినా ఇందాక. మా నిర్మలమ్మ చూసింది." నలుగురిలో ఆ మాట అంటున్నంతసేపూ తల ఎత్తలేకపోయాడు.

"ఇప్పుడు పెట్టప్పా," అంది పద్మావతమ్మ.