నా ఎడమకాలు, మేమడిగిన చట్టం

ఆ మధ్యాహ్నం నాచారం ఫ్యాక్టరీలో మొదటి షిఫ్టు వదిలాక సైకిల్ మీద ఉప్పల్‌లోని ఇంటికి వస్తున్నాను. ఇనుప చువ్వల లారీ ఒకటి నన్ను దాటి మలుపు తిరిగింది. వెనక బారెడు పొడుచుకొచ్చిన చువ్వలు నన్ను కిందకి తోసేశాయి. నొప్పి తెలియలేదు. లేద్దామని చూస్తే ఎడమకాలు నా మాట వినలేదు. తొడ దగ్గర ఎముక బయటికి కనిపిస్తోంది. అది నాదేనా అని వెర్రివాడిలా చూస్తూ ఉండిపోయాను. లారీ ఆగలేదు. నంబరు మాత్రం దారినపోయే ఒకాయన గుర్తుపెట్టుకున్నాడు.

పెద్ద దవాఖానాలో ఎక్స్‌రే తీశారు. "ఫీమర్ ఫ్రాక్చర్, కాంపౌండ్. ముందు ట్రాక్షన్, తర్వాత ప్లేట్" అన్నాడు డాక్టరు.

"నడుస్తనా సార్?"

"తొందరపడకయ్యా, చూద్దాం."

ఆ 'చూద్దాం' ఎన్నిసార్లు విన్నానో! మంచం చివర బరువులు వేలాడదీసి ఆరు వారాలు కాలు లాగి ఉంచారు. ఆ తర్వాత ఆపరేషన్ చేసి తొడ ఎముకకు స్టీలు ప్లేట్ బిగించారు. పక్కకు ఒత్తిగిలాలన్నా నా భార్య మరియమ్మ చెయ్యి పట్టాలి. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

ఆ వార్డులో సైకిళ్ల మీద పోతూ పడ్డవాళ్లు, నడుస్తూ గుద్దించుకున్నవాళ్లే ఎక్కువ. పక్క మంచం యాదయ్యది మౌలాలి. "రోడ్డు అంచున నడుస్తుంటెనే గుద్దిండు. ఇంకెక్కడ నడవాలె, గోడల మీదనా?" అనేవాడు. ఇద్దరం నవ్వేవాళ్లం. నవ్వితే కాలు పీకేది.

అక్కడే నాకు పట్టుదల పుట్టింది. చువ్వలు బయటికి పొడుచుకొచ్చేలా లారీలు నడపకూడదనీ, సైకిళ్లకూ నడిచేవాళ్లకూ రోడ్డు పక్కన విడిగా దారి వదలాలనీ మన రాష్ట్రంలో చట్టం రావాలి. నేను పడుకుని చెబుతుంటే మరియమ్మ అర్జీ రాసింది. ఫ్యాక్టరీలో అందరూ సంతకాలు పెట్టారు. మరియమ్మ తీసుకుపోతే ఎమ్మెల్యే గారు శ్రద్ధగానే విన్నారట. "సమజైందమ్మా. పోలీసు కేసు కాగితం పట్టుకరా, అది చూపెట్టి సభల అడుగుత" అన్నారట. ఆ పోలీసు కాగితం ఒక్కటే మాకు మిగిలిన ఆశ.

ఇంతలో ప్లేట్ వేసిన చోట చీము పట్టింది, ఒళ్లు కాలిపోయే జ్వరం. "ఆస్టియోమైలైటిస్. ఇన్‌ఫెక్షన్ బోన్‌కి పోయింది. ప్లేట్ తీసెయ్యాలి. కాలు దక్కుతుంది గానీ రెండంగుళాలు షార్ట్ అవుతుంది" అన్నాడు డాక్టరు. మళ్లీ ఆపరేషన్.

అప్పుడే మా టూల్ రూమ్ ఫిట్టరు నర్సింగన్న వెలిగిపోయే ముఖంతో వచ్చాడు. "నీ సైకిల్ తయారైంది తమ్మీ. ఫ్రేము సాపు జేసినం, ఎనక చక్రం కొత్తదేసినం, రంగేసినం. నువ్వు లేచేసరికి బండి నిలబడుండాలె గద!"

పడ్డ రోజే సైకిల్‌ను ఫ్యాక్టరీకి మోసుకుపోయి, ఓవర్‌టైం మానుకుని మరీ బాగుచేశారట. మా ఫిట్టర్ల తీరే అంత. వంగిన ఇనుము కనబడితే చేతులు ఊరుకోవు. ఆ క్షణంలో నేనూ సంతోషపడ్డాను, అబద్ధమెందుకు?

ఆ వారమే ఫ్యాక్టరీకి పోలీసులతో కలిసి, బండ్లు తనిఖీ చేసే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. సైకిల్ చుట్టూ తిరిగి, "దీనికేమైందయ్యా? పెళ్లికూతురు లెక్కుంది" అన్నాడు. ఆ నంబరు లారీ మీద గీత లేదు, సైకిల్ మీద సొట్ట లేదు, నంబరు చెప్పినాయన మళ్లీ కనబడలేదు. తనంతట తానే అదుపు తప్పి పడ్డాడని రిపోర్టు రాశారు.

ఎమ్మెల్యే గారు ఆ కాగితం తిప్పి ఇచ్చేశారు. "నీ పెనిమిటి తనంతట తనే పడ్డడని రాసుందమ్మా. దీంతోని సభల ఏమడగాలె?"

నర్సింగన్న నా మంచం పట్టె మీద తల పెట్టి ఏడ్చాడు. తిట్టబోయి అతని తల నిమిరాను.

ఇది జరిగి మూడేళ్లు. ఎడమ చెప్పుకు మందపాటి అట్ట వేయించుకుని, స్టోర్‌లో కూర్చుని పనిముట్లు ఇస్తున్నాను. చలికాలం తొడ ఇంకా సలుపుతుంది. సభ కూర్చున్నప్పుడల్లా అర్జీ పంపుతాను. "పరిశీలనలో ఉన్నది" అని జవాబు వస్తుంది.

పోయిన నెల అదే మలుపులో, సైకిల్ మీద పోతున్న మా ఫ్యాక్టరీ దేవయ్యను లారీ గుద్దింది. అతన్ని దవాఖానాకు పంపి, నేనూ నర్సింగన్నా సైకిల్ పక్కనే నిలబడ్డాం, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పంచనామా సరిగ్గా రాశారు. దేవయ్య దక్కలేదు. ఆ కాగితం ఎమ్మెల్యే గారికి ఇచ్చి వచ్చాం, సభలో ఇంకా అడగలేదు. సైకిల్ పోలీస్ స్టేషన్ గోడ పక్కన తుప్పు పడుతోంది.

"మా తమ్ముడు పనికి పోతందుకు ఆ సైకిలన్న ఇప్పియ్యి అన్నా" అని దేవయ్య భార్య అడుగుతోంది. కేసు తేలేదాకా ఆగమని ఆమెకు చెబుతున్నది నేనే. చెప్పి తలదించుకుంటున్నాను.

మీ కళ్లముందు ఇలా జరిగితే మనిషిని వెంటనే దవాఖానాకు చేర్చండి. సైకిల్‌ను మాత్రం పంచనామా అయ్యేదాకా పడ్డచోటే ఉండనివ్వండి. ఆ మనిషి మీద ఎంత ప్రేమ ఉన్నా సరే, దాన్ని బాగుచెయ్యకండి.