అమ్మ తిన్న కొర్రల కేకు

మొన్న ఆదివారం నంద్యాలలో మా అమ్మాయి ఇంటికి వెళ్లేసరికి చాక్లెట్టు వాసన వీధి గుమ్మం దాకా వస్తోంది. డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగం చూసుకోమంటే వినకుండా ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతున్న మా మనవరాలు, ఓవెన్ అద్దంలోంచి లోపలికి తొంగిచూస్తూ, ఇది మామూలు కేకు కాదు తాతా, వీగన్, గ్లూటెన్ ఫ్రీ అంది. ఆ మాటలకు అర్థమేమిటని అడిగితే, ఇందులో గుడ్డూ పాలూ వెన్నా ఉండవనీ, మైదాకు బదులు కొర్రపిండి, చక్కెరకు బదులు బెల్లం వేశాననీ, ఇలా చేయడం ఈమధ్యే విదేశాలవాళ్లు కనిపెట్టారనీ, ఫోనులో ఎవరో దొరసాని చేసి చూపించిందనీ వివరించింది. నాకు ఒళ్లు మండింది. కొర్రలను కనిపెట్టడానికి వాళ్లెవరు? మన తరంవాళ్లు నా మాట కాదనరన్న నమ్మకంతోనే ఇది రాస్తున్నాను. కొర్రబువ్వ తిని పెరిగి, ఇంట్లోకి వరిబియ్యం వచ్చాక ఆ సంగతి నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుపడినవాళ్లం మనమే కదా. ఇప్పుడు అవే కొర్రలను అందమైన డబ్బాలో పోసి, మీద ఆకుపచ్చని ఆకు బొమ్మ వేసి, ఆరోగ్యమంటూ మనకే అమ్ముతున్నారు. కోపం సంగతి అలా ఉంచితే, ఆ వాసనకు నాకు మా అమ్మ గుర్తుకొచ్చింది.

మాది ఆళ్లగడ్డ నుంచి రుద్రవరం పోయే దారిలో ఒక పల్లె. తాతల కాలం నుంచీ సేద్యం చేసుకునే ఇల్లు. నేను ఐదో తరగతితో బడి మానేశాను, సేద్యమూ వంటబట్టలేదు. మీసాలు వచ్చే వయసులో నంద్యాల స్టేషను దగ్గర ఒక బేకరీలో పనికి కుదిరాను. బన్నులు చుట్టడానికి తెచ్చిన పాత పేపర్లే నాకు పాఠ్యపుస్తకాలు. పైకి చదువుకుంటూ, అర్థంకాని మాట వస్తే పక్కనున్న టీ అంగడాయన్ను అడుగుతూ సంపాదించిన చదువిది. అందుకే నా తెలుగులో ఎవరైనా తప్పులు పడితే నాకు కోపం వస్తుంది గానీ సిగ్గు వేయదు.

నాయనకు మాత్రం నా పని తల తీసేసినట్టుండేది. "మనింట్లో మొగోడు పిండి పిసికినాడా యాడన్నా?" అని ఒకసారి అన్నాడు, మళ్లీ ఆ ఊసెత్తలేదు. అమ్మ అదైనా అనలేదు, నాకు ఎక్కువ బాధ అక్కడే. నా గురించి ఎవరైనా అడిగితే "నంద్యాల్లో ఉండాడు, పని చేస్తాండాడు" అనేది. ఏం పని అని అడిగేలోపే బర్రె ఈనిన సంగతో, వాన రాని సంగతో ఎత్తుకునేది. ఇంటికి వెళ్లినప్పుడల్లా నేను బన్నులూ బిస్కెట్లూ సంచినిండా తీసుకువెళ్లేవాణ్ణి. వాటిని వీధిలో పిల్లలకు పంచుతూ "అంగట్లో కొనుక్కొచ్చినాడు" అని చెప్పేది. నా చేతులతో చేసినవని ఒక్కసారైనా చెబుతుందేమోనని చెవులు రిక్కించి వినేవాణ్ణి. చెప్పేది కాదు.

తను తినేదీ కాదు. అందుకు ఆమెకు కారణాలు లేకపోలేదు. అహోబిలం స్వామికి మొక్కుకుని గుడ్డూ మాంసమూ ఎప్పుడో విడిచింది. గోధుమ ఆమె ఒంటికి పడేది కాదు, తిన్న పూట కడుపుబ్బి మెలికలు తిరిగేది. దానికి ఇప్పుడు డాక్టర్లు ఏదో పేరు చెబుతున్నారు, అప్పట్లో పడదు అన్న ఒక్క మాటతో సరిపోయేది. ఇక పాల సంగతి చెప్పాలంటే కాశీ దాకా పోవాలి. ఊళ్లోవాళ్లతో కలిసి కాశీయాత్రకు పోయినప్పుడు, ఇష్టమైనదొకటి అక్కడ వదిలి రావాలన్న ఆచారాన్ని మావాళ్లంతా తెలివిగా పాటించారు. మా పెద్దమ్మ కాకరకాయ వదిలింది. పుట్టాక ఎన్నడూ ఆమె దాన్ని నోట పెట్టిన పాపాన పోలేదు. మా చిన్నాయన ఆపిలు పండు వదిలాడు. అది మా ఊరి మొహం చూసిందే లేదు. పాలు లేకపోతే జొన్నరొట్టె ముక్క గొంతు దిగని మా అమ్మ మాత్రం పాలు వదిలింది. పైగా పెరుగూ మజ్జిగా నెయ్యీ కూడా పాలేనని లెక్కవేసుకుని, వాటినీ వదిలింది. "దేవుడి కాడ కూడా దొంగ లెక్కలేనా?" అని పెద్దమ్మను ఎత్తిపొడిచేది. పెద్దమ్మేం తక్కువ తినలేదు. "నీ లెక్క దేవుడు చూస్తాండాడో లేదో గానీ, నీ బర్రె మాత్రం చూసి నవ్వుతాంది" అనేది.

అలాంటి మనిషి తినగలిగే కేకు చేయాలని నాకు పంతం పుట్టింది. నా చేతి వంట ఒక్కసారి నోట్లో పడితే, అది ఎవరు చేశారో తన నోటితోనే చెబుతుందని నా ఆశ. బేకరీలో పెద్ద పనివాణ్ణి మాస్టరనేవాళ్లం. ఆయన కొత్త సంవత్సరం కేకుల కోసం దాచుకునే కోకో పొడి డబ్బాలో అడుగున మిగిలింది ఇమ్మని అడిగాను. "ఎవురికప్పా, పెండ్లికూతురికా?" అని ఎగతాళి చేసి, మా అమ్మకని చెప్పగానే కొత్త డబ్బా మూత తీసి ఇంకాస్త పోశాడు. నానబెట్టిన శెనక్కాయలు రుబ్బి గుడ్డలో పిండి పాలు తీశాను. కొర్రపిండీ కోకో పొడీ బెల్లంపాకమూ అందులో వేసి, కాస్త నూనె, సోడా, నిమ్మరసం చేర్చి, మైదాను ఎలా కలుపుతామో అచ్చం అలాగే కలిపి కాల్చాను. రంగూ వాసనా బాగానే వచ్చాయి. ఆళ్లగడ్డ బస్సులో డబ్బాను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇల్లు చేరి మూత తీసేసరికి కేకు లేదు. డబ్బా నిండా నల్లటి రవ్వ ఉంది.

అమ్మ చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య నలిపింది. "ఏందిరా నాయనా ఇది, కోళ్లకేసేదా?" అంది. గుడ్డు లేదనీ, పాలు లేవనీ, గోధుమ లేదనీ నేను ఆత్రంగా చెప్పుకుపోయాను. సరే అన్నట్టు నోటి దాకా తీసుకుపోయి, ఆగి, దేంట్లో కాల్చినావని అడిగింది. బేకరీ రేకులో అన్నాను. "ఆ రేకులో గుడ్డు కేకులు కాల్చరా?" అంది. ఆ చిటికెడూ మళ్లీ డబ్బాలో వేసి చేతులు కడుక్కుంది.

ఇక ఈ ఇంటి గడప తొక్కకూడదనుకుని, తిరుగు బస్సుకు పోదామని చొక్కా వేసుకుంటుంటే వంటింట్లోంచి అమ్మ కేక వినిపించింది. "ఆ నల్లపొడి ఇంకా ఉండాదా?" మిగిలింది సంచిలోనే ఉందన్నాను. "అయితే ఈడికి రా. కొర్రపిండిని చల్లగా కలిపేది యాడన్నా చూసినావా? పిండికి జిగురు యాడ్నుంచి వస్తాది?"

జొన్నరొట్టెకు మరుగుతున్న ఎసరు పోసి పిండి కలిపితేనే విరగకుండా తట్టడానికి వస్తుందని మన ఇళ్లల్లో తెలియనిదెవరికి? మైదాకు అలవాటుపడిన నా చేతులకు ఆ సంగతి తట్టనేలేదు. అమ్మ శెనక్కాయపాలు మరిగించి సగం పిండి మీద పోసి, తెడ్డుతో కలియబెట్టి మూతపెట్టింది. ఆరాక మిగతావన్నీ నేను కలిపాను. కేకుకు కిందా పైనా సమంగా వేడి తగలాలని నేను చెబితే, పెద్ద బాణలిలో ఇసుక పోసి, అందులో తన సొంత గిన్నె దించి, మూత మీద నిప్పులు పరిచింది. సోడా ఎక్కువేశావని ఆమె, నిప్పులు ఎక్కువేశావని నేను, కాలినంతసేపూ వాదులాడుకుంటూనే ఉన్నాం.

వాసన పట్టుకుని పక్కింటి అత్త వచ్చేసింది. "ఏం కాలుస్తాండావ్ వదినా, వీధంతా ఘుమఘుమలాడుతాంది?" అంటూ పొయ్యి దగ్గరే చతికిలబడింది. కేకు ఒకపక్క మాడింది, నడుమ చిన్న నెర్రె విచ్చింది, కానీ కత్తి పెడితే ముక్కగా తెగింది. అమ్మ మొదటి ముక్క నిలబడే తినేసింది. ఇంకో ముక్క తీసుకుంది. అప్పుడు గుర్తొచ్చినట్టు అత్తకు ఒకటి పెట్టింది. అత్త తింటూ, ఇది నీకు ఎవురు నేర్పినారు వదినా అంది.

నేను మళ్లీ చెవులు రిక్కించాను.

"నాకు నేర్పేదేంది? మావాడు చేసినాడు" అంది అమ్మ. "నంద్యాల్లో బేకరీలో పని చేస్తాండాడు గదా, పిండి కలిపేది, కాల్చేది, అంతా వాడే."

నాయన బయట అరుగు మీద ఉన్నాడు. ఆ మాట ఆయనకూ వినపడే ఉంటుంది. కాసేపటికి లోపలికొచ్చి, ఎవరివైపూ చూడకుండా చెయ్యి చాచాడు.

మొన్నటి కేకు కూడా బాగానే కుదిరింది, అబద్ధమెందుకు? ముక్క విరగకుండా మా మనవరాలు అందులో అవిసెగింజల పొడి వేసిందట. ఈలోగా మా అమ్మాయి ఫోనులో ఎవరితోనో, మా పాప బేకరు, ఇంట్లోనే ఆర్డర్లు తీసుకుంటాంది అని ఎంత తేలిగ్గా అనేసిందో! మంచి కాలమే వచ్చింది, కాదనను. బిడ్డ చేసే పని పేరు చెప్పడానికి ఇప్పుడు ఏ తల్లీ నీళ్లు నమలడం లేదు. అయితే ఆ కేకును అట్టపెట్టెలో పెట్టి రిబ్బను కట్టగానే ఎవరో కుర్రాడు మోటారుసైకిలు మీద వచ్చి తీసుకుపోయాడు. ఎవరికమ్మా ఇది అని అడిగితే, పేరు మాత్రమే తెలుసు తాతా, బాగుంటే ఫోనులో నక్షత్రాలు ఇస్తారు అంది. తర్వాతి ఏళ్లలో నేనూ బేకరీలో లెక్కలేనన్ని కేకులు చేశాను, అవి ఎవరు తిన్నారో నాకూ తెలియదు. అమ్మ తిన్న ఆ ఒక్క కేకప్పుడే, తినే మనిషి నమిలినంతసేపూ ఎదురుగా నిలబడి మొహంలోకి చూడగలిగాను.