వాసన చూసిన పానకం

మా కంపెనీలో టీకా మందు కోసం ఈస్ట్‌ని పెంచే గది ఒకటుంది. మనిషి కంటే ఎత్తైన స్టీలు తొట్లలో గోరువెచ్చని చక్కెర నీళ్ళు మెల్లగా తిరుగుతుంటాయి. తలుపు తీయగానే మాగిన మామిడిపండు, తడిసిన గడ్డి, కొంచెం పులిసిన పిండి కలిసినట్టు ఒక వాసన వస్తుంది. ఈ కంపెనీకి అధిపతినై చాలా ఏళ్ళయినా, వారానికి ఒకసారైనా ఏదో వంక పెట్టుకుని ఆ గదిలోకి వెళ్ళేదాన్ని. అది నేను పెరిగిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వాసన. పోయిన నెల అక్కడ నిలబడినప్పుడు ఆ వాసనలో ఎక్కడో చిన్న తేడా తోచింది. పుల్లటి తేడా. ఆ తొట్టె మొత్తం పారబోయమన్నాను.

పారబోసే ముందు తీసి ఉంచిన నమూనాలన్నీ తర్వాత పరీక్షల్లో శుభ్రంగా తేలాయి. ఆ మందు కోసం ఎదురుచూస్తున్న దవాఖానలకు సరుకు ఆలస్యమైంది. పసిపిల్లలకు వేసే టీకా అది. నేను వాళ్ళని కాపాడానా, వాళ్ళ నోటి దగ్గరిది లాగేశానా అన్నది ఇప్పటికీ తెలియదు. ఇంతలో ఒక కాలేజీవాళ్ళు వచ్చి, మీ ఉద్యోగ జీవితంలో నేర్చుకున్న నాయకత్వ పాఠాలు పిల్లలకు చెప్పండి అన్నారు. రాసుకుందామని కూర్చుంటే కంపెనీ సంగతి ఒక్కటీ గుర్తుకు రాలేదు. మా నాయనమ్మ గుర్తొచ్చింది, ఆవిడ ముందున్న పానకం గంగాళం గుర్తొచ్చింది.

మా వాళ్ళు గుంటూరు వైపు నుంచి వచ్చి ఆ పండ్ల మార్కెట్ వెనక సందులో కిరాయికి దిగారు. ఎండాకాలం వస్తే ఆ సందులో తెల్లవారకముందే లారీలు బారులు తీరేవి, హమాలీలు గంపలు దించుతూ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకునేవాళ్ళు, వరిగడ్డి రోడ్డంతా పరుచుకుని మా కాళ్ళకు మెత్తగా తగిలేది, చితికిన బత్తాయిలు మురికికాలవ పక్కన పులుస్తుంటే ఆవులు, మేకలు వచ్చి తినేవి. విరిగిన పండ్ల పెట్టెల చెక్కలే మాకు వికెట్లు, మామిడి టెంకలే బొంగరాలు. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దాకా వెళ్ళొచ్చినా ఆ వాసన బట్టల్ని వదిలేది కాదు.

శనివారం సాయంత్రాలు మా వరండాలో భజన జరిగేది. నడిపేది నాయనమ్మే. హార్మోనియం ఎవరిదైనా, తాళాలు ఎవరివైనా, నైవేద్యం మాత్రం ఆవిడ చేతిది. చక్కెర పొంగలి, పులిహోర, దద్దోజనం ఏదైనా సరే, దేవుడికి పెట్టకముందు ఉప్పు చూసేది కాదు, కనీసం వాసన పీల్చేది కాదు. "వాసన చూడటమంటే ముక్కుతో తినడమే" అనేది. మార్కెట్ నుంచి పూజకు మల్లెపూల బుట్ట తెమ్మంటే నేను సందు చివరిదాకా ఊపిరి బిగబట్టి పరుగెత్తేదాన్ని, మధ్యలో ఆగి, బుట్టని దూరంగా పట్టుకుని, మొహం పక్కకు తిప్పి ఊపిరి తీసుకునేదాన్ని.

ఆ ఏడు శ్రీరామనవమికి నల్లా నీళ్ళ వంతు ముందురోజు సాయంత్రానికే పడింది. పండగ పొద్దున నీళ్ళు రావు. అందుకని నాయనమ్మ ముందురోజే ఇత్తడి గంగాళం నింపి బెల్లం కరగేసి, మిరియాలు, శొంఠి, యాలకులు దంచి వేసి, గుడ్డ కట్టి ఉంచింది. పక్కవాటా యాదగిరి మామ దాన్ని పొద్దున పందిట్లోకి మోశాడు. ఆయనది నల్లగొండ దగ్గర పల్లె, మార్కెట్‌కి ఆటో నడిపేవాడు, మా భజనలో ఆయన గొంతే పెద్దది. వేపపూత రాలుతున్న ఎండ. తాటాకు విసనకర్రలు ఊగుతున్నాయి. కల్యాణం అయ్యాక పానకం తాగొచ్చని మా పిల్లమూక గ్లాసులు పట్టుకుని ముందు వరసలో కూర్చుంది.

నాయనమ్మ గుడ్డ విప్పింది. పైన తెల్లగా నురగ.

"పెద్దమ్మా, గా నురగ జూడు" అన్నాడు యాదగిరి మామ. "నిన్న మాపటికి కల్పినం గద, పులిసిందేమో."

"బెల్లం నురగేమోరా."

"జర వాసన జూస్తే తెలుస్తది."

"చూస్తే ఇక నైవేద్యానికి పనికిరాదు."

"చూడకుంటే మనుషులకు పనికొస్తదో లేదో ఎట్ల తెలుస్తది? సామికి అరుగుతది పెద్దమ్మా, గీ పోరగాండ్లకు అరగొద్దా?"

ఎవరో నవ్వారు. నాయనమ్మ నవ్వలేదు. మా గ్లాసుల వైపు చూసింది, సీతారాముల వైపు చూసింది. తర్వాత కొంగు బొడ్లో దోపుకుని, అంత మంది ముందు, గంగాళం మీదికి వంగి గట్టిగా ఊపిరి పీల్చింది. పందిట్లో తాళాలు ఆగిపోయాయి. ఆవిడ లేచి "పారబోయండి" అంది. ఆ రోజు స్వామికి తులసి నీళ్ళు, వడపప్పు పెట్టారు. మేమూ అవే తిన్నాం. నాకు ఏడుపొచ్చింది.

వేపచెట్టు మొదట్లో పోసిన పానకాన్ని మేకలు నాకేశాయి. సాయంత్రం యాదగిరి మామ వచ్చి, "పెద్దమ్మా, మేకలు మంచిగనే ఉన్నయి. ఒకటైతే ఇంకింత పొయ్యమంటుంది" అన్నాడు. నాయనమ్మ అప్పుడు నవ్వింది. కానీ తర్వాతి శనివారం నైవేద్యం గరిటె తీసుకెళ్ళి ఆయన భార్య యాదమ్మ అత్త చేతిలో పెట్టింది.

"నాకు మీ తీరు రాదు గద పెద్దమ్మా."

"నీ తీరునే చెయ్యమ్మా. ఇక నేను పొయ్యి దగ్గరికి రాను."

"నువ్వేం తప్పు జేసినవని?"

ఆ తర్వాత ఎన్ని పండగలొచ్చినా నాయనమ్మ వెనక వరసలో తాళాలు పట్టుకుని కూర్చుంది తప్ప గరిటె ముట్టలేదు. యాదమ్మ అత్త పానకంలో మిరియాలు తక్కువ, బెల్లం ఎక్కువ. మాకు అదే బాగుండేది, ఆ మాట నాయనమ్మ ముందు అనేవాళ్ళం కాదు. ఒకసారి ఆవిడ పక్కన పడుకుని అడిగాను, ఆ రోజు చేసింది మంచి పనా, తప్పా అని. "మంచిదేనే. కానీ ఒకసారి చూసిన ముక్కు మళ్ళీ చూడకుండా ఊరుకోదు" అంది. నాకు అర్థం కాలేదు. మంచిదైతే గరిటె ఎందుకు వదలాలి? తప్పైతే ఎందుకు వంగాలి? ఎంగిలి చేసి పెట్టినా భగవంతుడు ప్రేమగా తీసుకున్నాడని ప్రవచనాల్లో విన్నాను, ఎంగిలి తగలనీయకూడదని అదే నోటితో చెప్పగానూ విన్నాను. ఇప్పటికీ వనస్థలిపురంలో మా సత్సంగానికి వెళ్ళిన ప్రతిసారీ, నైవేద్యం తెర వేసినప్పుడు నా మనసు ఆ గంగాళం దగ్గరికే పోతుంది.

మొన్న సుజాత నా గదిలోకి వచ్చింది. మా కంపెనీలో మందు నాణ్యత చూసే విభాగానికి పెద్ద. ఏ మందు బయటికి వెళ్ళాలో, ఏది ఆగాలో ఆ విభాగమే తేల్చాలి, నేనైనా సరే వేలు పెట్టకూడదు అని ఒకప్పుడు నియమం పెట్టింది నేనే.

"ఆ తొట్టె ఎందుకు పారబోశామో కారణం ఏమని రాయను మేడమ్?"

"నా ముక్కు అని రాయమ్మా."

ఆ అమ్మాయి నవ్వలేదు. "ఈ రోజు ఆపెయ్ అన్న ముక్కు, రేపు తొందరలో ఉన్నప్పుడు పంపించెయ్ అనదని ఏముంది మేడమ్?" అంది.

నాయనమ్మ చెప్పింది ఇదేనా? ఆవిడ గరిటె వదిలింది ప్రాయశ్చిత్తంగా కాక, తన ముక్కుకి భయపడా? లేక ఇవన్నీ నాకు నేను చెప్పుకుంటున్న మాటలా? ప్రార్థించాను. స్వామి ఏమీ చెప్పలేదు, లేదా చెప్పినది నేను పట్టుకోలేదు. లేచి, ఈస్ట్ గది తలుపు తెరిచే నా కార్డు తీసి సుజాత చేతిలో పెట్టాను. "నాకేదైనా అనుమానమొస్తే అందరిలాగే నీకు చెప్తాను. తేల్చేది నువ్వు" అన్నాను. కార్డు తీసుకుని, "మరి మీరు ఇక లోపలికి రారా మేడమ్?" అని అడిగింది. రానన్నాను.

కాలేజీ పిల్లలకు ఏం చెప్పాలో ఇంకా తేలలేదు. ఆ సాయంత్రం ఎల్‌బీనగర్ వెళ్ళే దారిలో కారు గడ్డిఅన్నారం వైపు తిప్పించి, అద్దం దించాను. మార్కెట్ ఊరి బయటికి వెళ్ళిపోయి ఏళ్ళవుతోంది. లారీలు లేవు, గడ్డి లేదు, మేకలు లేవు. మా సందులో హాస్టళ్ళ బోర్డులున్నాయి, వేపచెట్టు ఉన్నచోట బైకులున్నాయి. ఆ వాసన ఇక్కడ పోయినా ఈస్ట్ గదిలో ఉందిలే అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. ఇప్పుడు వాసన చూడొద్దని చెప్పేవాళ్ళెవరూ లేరు. గట్టిగా ఊపిరి పీల్చాను. దుమ్ము, పెట్రోలు, ఎక్కడో వేగుతున్న మిర్చి బజ్జీలు.